కోడలి కాలనీ: 212

మార్చి 3

అత్తా,

(కాగితం 1)

ఫోన్ చేస్తే నా మాట సగం, పంపు మోత సగం వినపడుతుంది నీకు. అందుకే ఉత్తరం. ముప్పై ఏళ్లు నీటి సరఫరా పంపు హౌస్‌లో ఫిట్టర్‌గా చేసిన చెవులు, వాటి తప్పేం లేదు. నువ్వు నేర్పినట్టే కాగితాలకు అంకెలు వేశాను.

రేవు శాఖలో టికెట్లు అమ్ముతున్నానంటే నువ్వు లాంచీ టికెట్లనుకున్నావని నాన్న, అదే నీ తమ్ముడు, చెప్పాడు. లాంచీ కాదత్తా, అక్వేరియం. రేవు వాళ్లదే. లోపల నలభై గాజు తొట్లు, సముద్రపు నీళ్లు, చేపలు, పగడాలు. రెండేళ్లు గేటు పక్క కిటికీలో కూర్చున్నాను. పోయిన వారం నన్ను అక్కణ్ణుంచి తీసి లోపల తొట్ల పనిలో వేశారు. మూడు నెలలు చూస్తారు. నచ్చితే ఖాయం, లేకపోతే మళ్లీ కిటికీ.

నాకు అప్పగించింది జోవాంథిడ్ల తొట్టి. పేరు చూసి బెదరకు, ఇక్కడందరూ బొత్తాలంటారు. చొక్కా బొత్తామంత గుండ్రటి ముఖం, నడుమ నోరు, చుట్టూ సన్నటి వేళ్లు, కింద పొట్టి కాడ. పువ్వులా ఉంటుంది కానీ జంతువు. పగడాలకు చుట్టం. నా వాటికి ఆకుపచ్చ అంచు, నారింజ నడుము. రాయి మీద పల్చటి చర్మం చాపలా పరుచుకుంటుంది, దాని మీద వందల కొద్దీ మొలుస్తాయి. ఆ గుంపును కాలనీ అంటారు. వీటి ఒంట్లో విషం ఉంటుంది. గ్లవ్సు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోను. నేను వీటిని కూడా "వాళ్లు" అనే అంటున్నాను. చిన్నప్పుడు కోళ్లను అన్నట్టే.

(కాగితం 2)

ఇక నా కాలనీ సంగతి. పన్నెండేళ్ల పాతది. నిన్న నిలబడి లెక్కపెట్టాను, రెండు వందల పన్నెండు మంది. పుట్టిన చోటు నుంచి ఎవరూ కదలరు. అందరిదీ ఒకటే చాప. ఒకరికి దొరికిన తిండి పక్కవాళ్లకూ అందుతుంది, తగువుల్లేవు. పొద్దున ఎనిమిదికి లైట్లు వేస్తే పావుగంటలో అందరూ ముఖాలు చూపిస్తారు. వాళ్లకు ఉప్పు నీళ్లే ఇష్టం. ఉప్పు తగ్గితే నొచ్చుకుంటారు. కాస్త జాగ్రత్తగా మసలుకోవాలి, కోపం వస్తే మనిషిని మంచాన పడేస్తారు. నా ముందు చూసినతను రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు.

నా పైన ఒక మేస్త్రి. నీళ్లలో ఉప్పు చూసేది ఆయనే కాబట్టి ఉప్పు మేస్త్రి అంటారు. "నీళ్లు బాగుంటే అన్నీ బాగుంటాయి" అన్నాడు మొదటి రోజే. ఆ ముక్క నీ నోట ఎన్నిసార్లు విన్నానో.

నేను ఉద్యోగానికి బయల్దేరేటప్పుడు అందరూ బట్టలు పెడితే నువ్వు పైపు రెంచి పెట్టావు. అది ఇంకా పెట్టె అడుగునే ఉంది. దానికీ పని తగులుతుందేమో.

నీ కోడలు

---

మార్చి 11

కోడలా,

నీ కవరు రెండో పంపు దగ్గర చింపాను. మొదటి కాగితం జారి కింద గుంటలో పడింది. తీసేసరికి సిరా అంతా కారి నీలం నీళ్లు. ఫర్వాలేదు, మొదటి కాగితంలో ఎటూ క్షేమ సమాచారాలే ఉంటాయి. అసలు సంగతి రెండోదాంట్లో ఉంది. మూడుసార్లు చదివాను.

కాలనీ! నీ చేతికి! నీ వయసులో నాకు వాషర్లు కడిగే పని ఇచ్చారు. రెండు వందల పన్నెండు మంది బాగోగులు ఇరవై నాలుగేళ్ల పిల్లకు అప్పగించారంటే ఆ రేవు శాఖలో కళ్లున్నవాళ్లు ఉన్నారన్నమాట.

మా పంపు హౌస్ గోడ మీద నల్లబోర్డు గుర్తుందిగా. మనం నీళ్లిచ్చే పదకొండు కాలనీల పేర్లు, పక్కన లెక్క. దాని అడుగున ఇంకో వరస రాశాను: "కోడలి కాలనీ: 212." లాగ్ బుక్కు రాసే లెక్కలాయన వచ్చి, "మన లైను కాదుగా అక్కా, ఎందుకు రాశావు?" అన్నాడు. "లైను నీది కాకపోతే ఏం, కోడలు నాది" అన్నాను.

ఇప్పుడు చివాట్లు. ఉప్పు నీళ్లు పోస్తూ అదే వాళ్లకు ఇష్టం అంటావా? అలవాటు పడిపోయుంటారు పాపం, మంచినీళ్ల రుచి చూపించిన వాడెవడు? అందరికీ ఒకటే చాప ఏమిటి? శాఖకు దరఖాస్తు పెట్టు. మనుషుల్ని ఆస్పత్రిలో పడేసేవాళ్లు ఎవరో ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లను పేరు పెట్టి పలకరించడం మొదలుపెట్టు, దారికొస్తారు.

కొత్త కాలనీ చేతికొచ్చినప్పుడు అన్నిటికన్నా ముందు లైను చివరన ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. మొదట ఉన్నవాళ్లు ఎప్పుడూ బాగానే ఉన్నామంటారు. చివరి వాళ్లను అడిగితే నీ లైను బతుకేమిటో తెలుస్తుంది.

నీ అత్త
(రెండో పంపు)

---

మార్చి 17

అత్తా,

నీ ఉత్తరం ఉప్పు మేస్త్రికి చదివి వినిపించాను. ఆయన మామూలుగా నవ్వే మనిషి కాడు, తొట్టి అంచు పట్టుకుని నవ్వాడు. "మీ అత్త నాటకాల్లో వేసేదా?" అని అడిగాడు. మొదటి కాగితం గుంటలో పడిందనడం దగ్గర్నుంచి చాప కోసం దరఖాస్తు దాకా భలే కథ కట్టావు. ఇంత సరదా మనిషివని నాకే తెలియదు.

సరే, నీ మాట ప్రకారం చివరి వాళ్ల దగ్గరికి వెళ్లాను. నోరు బాగానే తెరిచారు, ఫిర్యాదేమీ లేదు. మనుషుల్ని పడేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు కాదు, రెండు వందల పన్నెండు మందీ ఆ బాపతే. ఇంతమందికి పేర్లెక్కడ తెచ్చేది?

ఇక్కడ పని ఒత్తిడి ఎక్కువైంది. ఏప్రిల్ ఆఖరున కొత్త హాలు తెరుస్తారు. నా కాలనీని దాని నడిమధ్యన పెట్టారు. కొత్త లైను వేసి, పద్నాలుగడుగుల కొత్త తొట్టి కట్టి, వాళ్లను, వాళ్లున్న రాళ్లతో సహా, అక్కడికి మార్చాం. సముద్రం నుంచి వడకట్టిన నీళ్లు ఒక కొసన లోపలికి వస్తాయి, ఇంకో కొసన బయటికి పోతాయి. మొన్న డైరెక్టర్ గారు వచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆవిడ మెచ్చుకునే పద్ధతేమిటంటే ఏమీ అనకపోవడం. ఏమీ అనలేదు!

నీ కోడలు

---

మార్చి 24

కోడలా,

మీ మేస్త్రి నవ్వాడని రాశావు. నవ్వే ముక్క నేనేం రాశానో తెలియక ఆ ఉత్తరం నకలు కోసం లెక్కలాయన్ని అడిగాను. నకలు తీయలేదట. నేను సరదా మనిషినని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు, పంపు హౌస్‌లో అడిగి చూడు.

ఊరంతటినీ కొత్త చోటికి మార్చి, ఆ మాట ఒక్క వాక్యంలో రాసి పారేశావు. మార్చడం మాటలా? కొత్త లైను వేసిన మొదటి నెల నిద్రపోకూడదు. పాత లైనుకు జబ్బులుంటాయి కానీ అవేమిటో మనకు తెలుసు. కొత్త లైను ఏ జబ్బుతో పుట్టిందో ఎవరికీ తెలియదు.

నువ్వు పెద్ద ఉద్యోగస్తురాలివయ్యావు, నా మాటలు నవ్వులాటగానే అనిపిస్తాయి. అననీ. బోర్డు మీద వరస మాత్రం అలాగే ఉంది. నిన్న పై ఇంజనీరు తనిఖీకి వచ్చి, "ఇదెక్కడి కాలనీ?" అన్నాడు. "మా మేనకోడలిదండీ, రేవు శాఖ" అన్నాను. "ఓహో" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ ఇంజనీరు నాతో అన్న రెండో ఓహో అది.

అత్త

---

ఏప్రిల్ 2

అత్తా,

నువ్వు కోపంగా ఉన్నావో, ఇంకా ఆట కొనసాగిస్తున్నావో అర్థం కాలేదు. ఏదైనా ఇప్పుడు నవ్వే ఓపిక లేదు.

తొమ్మిది రోజులుగా నా కాలనీ ముడుచుకుపోతోంది. మొదట నీళ్లు లోపలికొచ్చే కొస దగ్గర ఇరవై మంది మూసుకున్నారు. కొత్త చోటు కదా అనుకున్నాను. తర్వాత యాభై. ఇప్పుడు సగం తొట్టి దాకా ఎవరూ ముఖం చూపించడం లేదు. చివరన ఉన్నవాళ్లు ఇంకా తెరుస్తున్నారు, అదీ అరకొరగా. రోజూ పొద్దున లెక్క రాస్తున్నాను. నిన్న తెరిచినవాళ్లు తొంభై ఆరు.

ఉప్పు సరిగ్గా ఉంది. వేడి సరిగ్గా ఉంది. వెలుతురు మారలేదు. అదే లైను మీద ఉన్న చేపలు బాగానే తిరుగుతున్నాయి. నాచు తినడానికి వదిలిన నత్తలు ఏడుంటే ఐదు చచ్చిపోయాయి.

ఉప్పు మేస్త్రికి చేపలు బాగున్నాయంటే నీళ్లు బాగున్నట్టే. "నీళ్లలో లేదు, నీ చేతుల్లో ఉంది. సబ్బు చేతులు పెట్టుంటావు" అన్నాడు. పెట్టలేదు. నా ముందు చూసినతను కూడా ఇలాగే అజాగ్రత్తగా ఉండేవాడని ఆయన నలుగురిలో అన్నాడు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను.

డైరెక్టర్ గారు ఈసారి మాట్లాడారు. ఇరవయ్యో తారీఖు లోపల తెరుచుకోకపోతే మొత్తం కాలనీని వేడి నీళ్లు పోసి, ఇనప బ్రష్షులతో గీకి తీసేసి, ఆ చోట ప్లాస్టిక్‌వి పెట్టేస్తారు. ప్రారంభోత్సవానికి ఖాళీ రాళ్లు చూపించలేరు కదా. నేను మళ్లీ కిటికీకి వెళ్లిపోవాలి. వేడి నీళ్లు పోయడం ప్రమాదమని చెప్పాను. కిటికీ పిల్ల చెప్తే ఎవరు వింటారు?

కిటికీకి వెళ్లడం గురించి కాదత్తా. పన్నెండేళ్లు బతికినవాళ్లు నా చేతికొచ్చిన నెలకు పోతున్నారు. ఎందుకో కూడా నాకు తెలియడం లేదు.

నీ కోడలు

---

ఏప్రిల్ 7 (ఎక్స్‌ప్రెస్)

కోడలా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అబద్ధం రాసే పిల్లవి కావు, కాబట్టి నమ్ముతున్నాను. మనుషుల మీద వేడి నీళ్లా? గీకి తీసేసి ప్లాస్టిక్ గుడారాలా? ఆ సంగతి నేను వేరేగా చూసుకుంటున్నాను, దాని జోలికి నువ్వు రాకు. నీ పని లైను చూడటం. ఇది పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదువు.

నీళ్లు చాలకపోతే ఫిర్యాదు లైను చివర మొదలవుతుంది. ముందు చివరింటి వాళ్లు తలుపులు మూస్తారు. నీ దగ్గర మొదట్లో ఉన్నవాళ్లు ముందు మూశారు, చివరి వాళ్లు ఇంకా నిలబడ్డారు. అంటే నీళ్లు చాలకపోవడం కాదు. నీళ్లతో పాటు ఏదో వస్తోంది. ముందు తగిలినవాళ్లకు ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ.

తొట్టిలో దోమల కోసం చేపలు వదిలారు, మంచిదే. అవి బాగున్నాయి, నత్తలు చచ్చాయి అన్నావు. ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చిన ముక్క అదే. మా పెద్ద చెరువులో నాచుకూ నత్తలకూ ఒకప్పుడు మైలుతుత్తం వేసేవాళ్లం. మోతాదు మించకపోతే చేపకు ఏమీ కాదు, నత్త మాత్రం బతకదు. మైలుతుత్తంలో ఉన్నదేమిటి? రాగి.

కొత్త లైనులో రాగి ఎక్కడిది? ఇత్తడి. ఎక్కడో ఇత్తడి వాల్వు వేశారు. మంచినీళ్లలో ఇత్తడి నలభై ఏళ్లు ఉంటుంది. నీది ఉప్పు నీళ్ల లైను. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుపు ఉంచితే ఏమవుతుందో నీకు తెలుసు, చిలుము కడుతుంది. ఉప్పు నీళ్లలోనూ అంతే.

రోజూ లైను కాసేపు ఆపుతారా? ఆపితే వాల్వులో నిలవ ఉన్న నీళ్లు చిలుమంతా పట్టుకుని, మళ్లీ వదిలినప్పుడు మొదటి తోపులో వస్తాయి. ఆ తోపు ఎవరికి తగులుతుంది? నీ మొదటి ఇరవై మందికి.

రంగు చూసి మోసపోకు. ఈమధ్య ఇత్తడికి కూడా బూడిద రంగు వేసి అమ్ముతున్నారు, ప్లాస్టిక్కులా ఉంటుంది. గీరి చూడు. గీకేవాళ్లు మీ ఆఫీసులో చాలామంది ఉన్నారుగా, అడగనక్కర్లేదు, నువ్వే గీరు. పెట్టె అడుగున ఉన్న రెంచి తియ్యి.

చేతులు నీవి సబ్బువి కావని నాకు తెలుసు. వాల్వు విప్పి వాళ్ల ముందు పెట్టు.

అత్త

---

ఏప్రిల్ 13

అత్తా,

బూడిద రంగు వాల్వు. కొత్త లైను గదిలో, గోడ వెనక, మోకాళ్ల మీద కూర్చుంటేనే కనపడుతుంది. రెంచి అంచుతో గీరితే కింద పసుపు మెరిసింది.

మేస్త్రిని పిలిచాను. "లైనంతా ప్లాస్టిక్కేనే, నేనే దగ్గరుండి వేయించాను" అన్నాడు. లైను ఆపించి, ఆయన ముందే విప్పాను. మొదటి పట్టు జారింది, రెండోదానికి కదిలింది. లోపల నీలం కలిసిన ఆకుపచ్చ చిలుము, వేలు పెడితే వేలికి అంటింది. ఆయన వెళ్లి పరీక్ష సీసాల పెట్టె తెచ్చాడు. రాగి కోసం ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు, లైనులో లోహమే లేదనుకున్నారు. చుక్కలు వేయగానే నీళ్లకు రంగు తిరిగింది. సాయంత్రానికి ప్లాస్టిక్ వాల్వు వేశాం, నీళ్లన్నీ మార్చాం, మిగిలిన రాగిని పీల్చుకోవడానికి బొగ్గు సంచులు దించాం. "ఇత్తడి సంగతి నేనూ అనుకుంటూనే ఉన్నా" అన్నాడు మేస్త్రి. నేను ఆయన వైపు చూశాను. "సరే, అనుకోలేదు" అన్నాడు.

ఇప్పుడు కష్టమైన భాగం.

మర్నాడు పొద్దున డైరెక్టర్ గారు అందర్నీ పిలిచారు. ఆవిడ చేతిలో నీ అర్జీ ఉంది. పైకి చదివారు. "మీ కాలనీలోని 212 మందిపై వేడి నీళ్లు పోసి గీకి తీసివేయుటకు నిర్ణయించినట్టు తెలిసింది. ఇందువల్ల ఎవరి ప్రాణానికి ముప్పు వచ్చినా బాధ్యత మీదే. నీళ్లలో దోషం ఉంచుకుని తాగేవాళ్లను తప్పుపట్టడం ఏ నీటి శాఖకూ తగదు." కింద పంతొమ్మిది సంతకాలు, పంపు హౌస్ ముద్ర.

ఎవరూ నవ్వలేదని రాయాలనుంది. నవ్వారు. అప్పుడర్థమైంది నాకు. మొదటి కాగితం నిజంగానే గుంటలో పడింది.

అత్తా, నా కాలనీలో మనుషుల్లేరు. నేను అక్వేరియంలో పని చేస్తున్నాను. వాళ్లు సముద్రంలో పుట్టే జీవులు, ఒక్కొక్కరు బొత్తామంత ఉంటారు. మొదటి కాగితంలో అదంతా రాశాను. నువ్వు ఆటకు రాస్తున్నావనుకుని నేను ఆటగానే జవాబిచ్చాను. బోర్డు మీద రాశావు, ఇంజనీరుకు చెప్పావు, పంతొమ్మిది మందితో సంతకాలు పెట్టించావు. ఇది నీకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఆగాను.

కానీ ఇదీ విను. నవ్వులు ఆగాక డైరెక్టర్ గారు, "ఎవరీవిడ?" అన్నారు. "మా మేనత్తండీ, పంపు ఫిట్టర్" అన్నాను. "ఈ తొట్టి ఎప్పుడు చూశారు?" అన్నారు. "చూడలేదండీ. నా ఉత్తరంలో రెండో కాగితం చదివారు" అన్నాను. ఆవిడ అర్జీ మళ్లీ మొదట్నుంచి చదువుకున్నారు, ఈసారి లోపల్లోపల. "ప్రాణానికి ముప్పు" అన్న చోట ఆగారు. వేడి నీళ్లు పోస్తే వీళ్ల ఒంట్లో విషం గాల్లోకి లేస్తుందని అప్పుడు నేను మళ్లీ చెప్పాను. ఈసారి విన్నారు. గీకే పని ఆపేశారు. ప్రారంభోత్సవం దాకా గడువిచ్చారు.

నిన్న తెరిచినవాళ్లు నలభై ఒకరు. ఇంకా తగ్గుతూనే ఉంది.

నీ కోడలు

---

ఏప్రిల్ 20

కోడలా,

ఈసారి కాగితాలు రెండూ చదివాను. మొదటిది ముందు చదివాను.

బొత్తాలు.

బొత్తాల కోసం పంతొమ్మిది మంది చేత సంతకాలు పెట్టించాను. అందులో ఇద్దరు సెలవులో ఉంటే ఇంటికెళ్లి పెట్టించుకొచ్చాను. ముద్ర కోసం లెక్కలాయన్ని అరగంట బతిమాలాను.

వాళ్లకు ఎవరో చెప్పేదాకా ఆగడం నాకు చేతకాదు. భోజనాల బల్ల దగ్గర లేచి నిలబడి, "మన అర్జీ బొత్తాల గురించట" అని నేనే చెప్పాను. లెక్కలాయన నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు పప్పులో పడేసుకున్నాడు. నాలుగు రోజులుగా మూడో పంపు వాడు నేను కనపడితే చొక్కా బొత్తాలు సర్దుకుని, "క్షేమమేనా మీరంతా?" అని వాటిని అడుగుతున్నాడు. అడగనీ. నలభై ఏళ్లొచ్చినా ఆ బొత్తాలు కుట్టేది వాళ్లమ్మే.

తర్వాత లెక్కలాయన తడిగుడ్డ పట్టుకుని బోర్డు దగ్గరికెళ్లాడు. "చెరిపెయ్యనా అక్కా?" అన్నాడు. "ఎందుకు?" అన్నాను. "మనుషులు కారుగా" అన్నాడు. "ఆ బోర్డు మీద మనుషులని ఎక్కడ రాసుంది? కాలనీ అని రాసుంది, లెక్క రాసుంది. నీళ్లు చెడితే నోరు మూసుకునేవాళ్లు, బాగుంటే తెరిచేవాళ్లు. మిగతా పదకొండు కాలనీలకూ దీనికీ నాకు తేడా తెలియలేదు" అన్నాను. గుడ్డ తీసుకెళ్లి తన బల్ల తుడుచుకున్నాడు.

నువ్వు రెండు రోజులు ఆగాల్సింది కాదు. నాకు చిన్నతనం అవుతుందనుకున్నావు. ఇత్తడిని కళ్లతో చూడకుండా ఇంత దూరం నుంచి పట్టుకున్నదాన్ని, నాకు చిన్నతనమేమిటి?

లెక్క పడిపోతోందని భయపడకు. లైను శుభ్రమైనా ఇళ్లవాళ్లకు నమ్మకం కుదరడానికి వారం పది రోజులు పడుతుంది. మొదటి పట్టు జారిందని రాశావు. రెంచి దవడ సగం మాత్రమే బిగించి ఉంటావు. పూర్తిగా బిగించి అప్పుడు తిప్పాలి.

నిజం లెక్క రాయి. ఎంతమంది పోయారో కూడా రాయి.

అత్త

---

మే 6

అత్తా,

నిజం లెక్క. పోయినవాళ్లు ఇరవై తొమ్మిది మంది. అందరూ నీళ్లొచ్చే కొసవాళ్లే. మిగిలింది నూట ఎనభై మూడు.

ఇరవై నాలుగో తారీఖున చివరి కొస నుంచి మళ్లీ తెరుచుకోవడం మొదలైంది. ముందు పదిహేను, మర్నాడు యాభై, తర్వాత లెక్కపెట్టే ఓపిక మేస్త్రికి కూడా వచ్చింది. ఇద్దరం రెండు కొసల నుంచి లెక్కపెట్టి నడుమ కలిసేవాళ్లం. ప్రారంభోత్సవం నాటికి నూట ఎనభై ఒకరు తెరిచారు. మిగతా ఇద్దరూ జనం వెళ్లాక తెరిచారు. సిగ్గనుకుంటాను.

ఆ రోజు హాల్లో వెయ్యి మంది పైగా తిరిగారు. అద్దం పక్కన పెట్టే పలక మీద ఏం రాయాలో డైరెక్టర్ గారు నన్నే రాయమన్నారు. ఎక్కడ దొరుకుతాయి, ఏం తింటాయి, ముట్టుకోకూడదు అన్నీ రాశాను. అడుగున ఒక వాక్యం కలిపాను: "ఈ కాలనీని కాపాడింది ఒక నీటి సరఫరా శాఖ పంపు ఫిట్టర్, ఉత్తరం ద్వారా." ఆవిడ చదివి ఏమీ అనలేదు. ఆవిడ పద్ధతి నీకు రాశానుగా.

నన్ను ఖాయం చేశారు. కాగితం కన్నా ముందు తాళం చేతికొచ్చింది. లైను గదిది. ఇకపై ఏ లైను మీద ఏ కొత్త సామాను బిగించాలన్నా ముందు నేను గీరి చూడాలట. మేస్త్రి తన పనిముట్ల పలక మీద ఒక మేకు కొట్టి, "నీ రెంచి ఇక్కడ తగిలించుకో, పెట్టెలో ఎందుకు?" అన్నాడు. తగిలించాను.

ఇవాళ పొద్దున లెక్కలో తేడా వచ్చింది. రెండుసార్లు చూశాను, మేస్త్రినీ చూడమన్నాను. నీళ్లొచ్చే కొసన, అందరూ పోయి రాయి బోసిగా మిగిలిన చోట, చాప అంచు కాస్త ముందుకు పాకింది. దాని మీద బియ్యపు గింజంత మొలక. ఇంకా రంగు రాలేదు కానీ నోరుంది, తెరిచింది.

నూట ఎనభై నాలుగు.

నువ్వోసారి రావాలి. టికెట్టు అక్కర్లేదు, కిటికీలో పిల్లకు చెప్పి ఉంచాను.

నీ కోడలు

---

మే 14

కోడలా,

జూన్‌లో వారం సెలవు పెట్టాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి పెట్టడంతో ఏ ఫారం మీద రాయాలో ఎవరికీ తెలియలేదు. వచ్చాక నీ కాలనీ కన్నా ముందు ఆ లైను గది చూపించు. మేస్త్రి నవ్విన సంగతి నేను మర్చిపోలేదు, ఆయన్ని కూడా చూపించు.

పలక మీద రాసింది పంపు హౌస్‌లో చదివి వినిపించాను. తర్వాత మూడో పంపు వాడు, "మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. "ఫిట్టర్ అని అంత పెద్ద అద్దం పక్కన రాశారా?" అన్నాడు. ఆ రోజు నుంచి బొత్తాలను పలకరించడం మానేశాడు.

ఇక్కడ ఒక మార్పు జరిగింది. రోజూ సుద్ద చెరిగిపోతోందని శాఖ వాళ్లు బోర్డుకు పెయింటు వేయిస్తున్నారు. పెయింటరు నిన్న వచ్చాడు. పదకొండు కాలనీల పేర్లు, లెక్కలు తెల్ల పెయింటుతో రాసుకుంటూ వచ్చి, అడుగు వరస దగ్గర ఆగి లెక్కలాయన వైపు చూశాడు. ఇది ఉండాలా అని. నేను నోరు విప్పేలోగా లెక్కలాయనే, "ఉండాలి, స్పష్టంగా రాయి" అన్నాడు.

రాశాడు. "కోడలి కాలనీ" అని, మిగతావాటి కన్నా వేలెడు పెద్ద అక్షరాలతో. పక్కన అంకె వేయబోతుంటే నేనే ఆపాను. "అది మాత్రం సుద్దతోనే ఉండనీ" అన్నాను.

"ఎందుకమ్మా, చెరిగిపోతుంది కదా?" అన్నాడు.

"పెరుగుతుంది" అన్నాను.

184 రాసి, సుద్దముక్క అక్కడే పెట్టాను.

అత్త
(రెండో పంపు)